చెకింగ్ రాజలింగం బిడ్డ

సంధ్యారాణి పొద్దున్నే స్నానం చేసి, వంటింటి గోడకు బిగించిన చెక్క అరలోని మార్కండేయస్వామికి దీపం పెడుతుంది. ఆ తర్వాత చాయ్ కాస్తుంది. మొదటి చాయ్ మాత్రం ఇంట్లో ఎవరికీ ఇవ్వదు. దాన్ని చిన్న స్టీలు ఫ్లాస్కులో పోసి, మెట్ల మలుపులో ఉన్న కిటికీ గట్టు మీద పెట్టి వస్తుంది. అది గోపాల్ కోసం. గోపాల్ ఒడిశా మనిషి, పై అంతస్తులో కిరాయికుంటాడు. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, రాత్రంతా నిలబడి పని చేసి వస్తాడు. కిందినుంచి ఆ మలుపు దాకా ఎక్కేసరికి కాళ్లు ఇక మాట వినవు. అక్కడే కూర్చొని చాయ్ తాగి, ఫ్లాస్కు కడిగి బోర్లించి, మిగిలిన మెట్లు ఎక్కుతాడు.

ఇట్లా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు తండ్రి రాజలింగం కూడా రాత్రి పాళీ దిగి వచ్చి అదే మెట్టు మీద కూలబడేవాడు. అది చూసి మనసులో పెట్టుకున్న పిల్ల, పెద్దదై పీహెచ్‌డీ చేసి, కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే మేడమ్ అయ్యాక కూడా ఆ మెట్టును మర్చిపోలేదు.

వాళ్లది సూరత్‌లోని ఉధ్నా. ఇంటి కింద సాంచాల ఖాతా, అంటే మగ్గాల కార్ఖానా, ఉంది. పగలూ రాత్రీ గోడలు సన్నగా వణుకుతూనే ఉంటాయి. గూట్లో గ్లాసు పక్కన గ్లాసు పెడితే ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ చప్పుడులోనే సంధ్యారాణి పుట్టింది, ఆ చప్పుడులోనే ఎక్కాలు నేర్చుకుంది. మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో చదువుతున్నప్పుడు, ఇంటి దగ్గర చదువు సాగదని తెలిసి నరహరి సారు బడి అయిపోయాక కూడా ఒక గది తాళం వెయ్యకుండా ఉంచేవాడు. తాను బయట బెంచీ మీద కునుకు తీస్తూ, పిల్ల చదువు అయ్యేదాకా కూర్చునేవాడు. అటువంటి మనుషుల పుణ్యమే ఆ చదువంతా.

రాజలింగం సిరిసిల్ల పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చాడు. ఏండ్ల తరబడి సాంచాలు నడిపి, తర్వాత చెకింగ్ పనికి మారాడు. నేసిన బట్టను తాకా అంటారు. ఆ తాకాను వెనక నుంచి వెలుగు పడేటట్టు వేలాడదీసి, పోగు తెగిన చోటు, పేక తప్పిన చోటు చూసి సుద్దతో గీత పెట్టడమే అతని పని. గీత పడితే నేసిన కార్మికుని కూలిలో కోత పడుతుంది. అందుకని రాజలింగం గీత పెట్టేముందు ఆ మనిషిని పిలిచి, వేలు పెట్టి చూపించి, "నువ్వే చూడు తమ్మీ" అనేవాడు. కోత పడ్డవాడు కూడా అతని మీద కోపం పెట్టుకునేవాడు కాదు. బట్ట బాగుంటే సేఠ్ కసిరినా గీత పెట్టడు, బాగాలేకపోతే సొంత బామ్మర్ది నేసినా వదలడు. అందుకే ఉధ్నాలో మన తెలుగువాళ్లందరికీ అతడు చెకింగ్ రాజలింగం.

అంత నిక్కచ్చి మనిషి బిడ్డ విషయంలో ఒక తప్పు చేశాడు.

బిడ్డ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఒకసారి చాయ్ ఇవ్వబోయి తెర మీద బాంబు బొమ్మ చూశాడు. లోపల గుండ్రంగా ఏవో పొరలు, చుట్టూ బాణాల గుర్తులు. ఇంకోసారి దేశదేశాల మనుషులు తెర నిండా కనబడుతూ బిడ్డతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, ఆ మాటల్లో బాంబు మాట నాలుగైదుసార్లు వినబడింది. అతని ఛాతీ పొంగింది. "నా బిడ్డ అణుబాంబు చేస్తుంది" అనుకున్నాడు. సర్కారు రహస్యం కావచ్చని, అడిగితే బిడ్డ ఇరుకున పడుతుందని, ఆమెను ఒక్క మాట అడగలేదు.

అడగలేదు గాని, కడుపులో దాచుకోలేకపోయాడు. ఉధ్నా స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర ఒకనాడు భార్య ఐలమ్మ తమ్ముడు పరుశురాం ఎప్పటిలాగే బావను కెలికాడు.

"ఏం బావా, నీ బిడ్డ అంతగనం సదివి మళ్ల ఉధ్నాలనే ఉండె. గా సదువుతోని ఏం జేస్తది?"

రాజలింగం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవలితోని అనకు. బాంబు పని."

"ఏం బాంబు? దీపావళిదా?"

"అణుబాంబు రా. నా కండ్లార చూసిన."

ఎవరితోనూ అనకు అన్న మాట వారం తిరిగేలోపు ఉధ్నా అంతా తిరిగి, కడోదరా మిల్లుల దాకా పోయింది. నిరుడు ఎండాకాలంలో సరిహద్దు దగ్గర గొడవ రేగి, సూరత్‌లో కూడా దీపాలు ఆర్పించి కసరత్తు చేయించినప్పుడైతే రాజలింగం ఎటు పోయినా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "నీ బిడ్డ ఉన్నదంటే మాకు భయమేంది కాకా" అన్నారు. అతడు ఔననలేదు, కాదనలేదు. మీసం దువ్వుకున్నాడంతే.

ఈ ఏడు నూలు పున్నమి దగ్గరపడ్డప్పుడు ఆ మీసానికే ముప్పు వచ్చింది.

రాఖీలు కట్టుకునే పున్నమినే మన పద్మశాలీలు నూలు పున్నమి అంటారు. ఆనాడు కొత్త జంధ్యాలు వేసుకొని, మార్కండేయస్వామిని రథం మీద ఊరేగిస్తారు. రథం ముందు బండి మీద చేతిమగ్గం పెట్టి, ఊరేగింపు నడుస్తుండగానే స్వామికి బట్ట నేస్తారు. ఊరేగింపు గుడికి చేరేసరికి ఆ బట్ట తయారుగా ఉండాలి, స్వామికి కప్పాలి. కరెంటు మగ్గాల ఊళ్లో చేతిమగ్గం వచ్చినవాళ్లు తగ్గిపోయారు. ఈసారి ఆ బట్ట నేసే భాగ్యం రాజలింగానికి దక్కింది. అంతకంటే పెద్ద గౌరవం అతని లెక్కలో లేదు.

ఆ మాట చెప్పడానికే పద్మశాలి సమాజం అధ్యక్షుడు పరమేశ్వర్, వెంట పరుశురాం, ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. పరమేశ్వర్‌కు రింగ్ రోడ్‌లో చీరల దుకాణం ఉంది. మంచి మనిషి. ఎవరింట్లో చావైనా పెండ్లైనా ముందు అతని చెప్పులే గడప బయట కనబడతాయి. చీరల దారాలు కత్తిరించే పనిలో ఉన్న ఐలమ్మ ఆ కుప్ప పక్కకు జరిపి చాప వేసింది.

"బిడ్డా సంధ్యా," అన్నాడు పరమేశ్వర్, "ఈసారి నీకు కూడ సన్మానం. శాలువా, పూలదండ. రథం ముందట ఇంకో బండి మీద అట్టతోని మిసైలు జేపిస్తున్నం. నువ్వు దాని పక్కన నిలబడి చెయ్యూపాలె."

"వెండి కాయితం అతికిస్తున్న కోడలా," అన్నాడు పరుశురాం. "ధగధగ మెరుస్తది సూడు."

సంధ్యారాణి నవ్వింది. "నేనెందుకు పెదబాపు మిసైలు పక్కన?"

"గదేంది? చేసేది నువ్వే గదా!"

రాజలింగం గోడ మీది క్యాలెండర్ వైపు చూపు తిప్పుకున్నాడు. సంధ్యారాణి ఒక్క క్షణం తండ్రి మెడ వెనక భాగాన్ని చూసింది. ఎర్రగా అయింది ఆ మెడ. అప్పుడే ఆమెకు సంగతి అంతా తెలిసిపోయింది. వచ్చినవాళ్ల ముందు తండ్రిని ఒక్క మాట అనలేదు.

"సన్మానం మీ దయ పెదబాపు. బండి మాత్రం ఎక్క. స్వామి ముందట నాలుగు మాటలు మాట్లాడుత, సరేనా?"

"నాలుగేంది, నలభై మాట్లాడు!" అని వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు.

తలుపు మూసుకున్నాక ఐలమ్మ మళ్లీ దారాల కుప్ప ముందు కూర్చుంది. రాజలింగమే ముందు అడిగాడు. "నువ్వు చేస్తలేవా బిడ్డా?"

"లేదు బాపూ. అవి తగ్గాలని చూసే పని నాది."

"తగ్గుడా? మనయా, వాండ్లయా?"

"అందరియి. ప్రపంచంల ఎన్ని దేశాల దగ్గర ఉన్నయో అన్ని దేశాలయి. తగ్గిస్తమని ఒక దేశం మాటిస్తే, నిజంగ తగ్గించిందా లేదా అని ఎట్ల చూడాలె? గది కనిపెట్టే ఫిజిక్స్ వాళ్లు దేశదేశాల ఉన్నరు. నేను కూడ వాళ్లల్ల ఒకదాన్ని. కాలేజీల పాఠం అయినంక గదే నా పని."

రాజలింగం నేల మీద కూర్చుండిపోయాడు. అతని కళ్ల ముందు రెండు బొమ్మలు తిరిగాయి. ఒకటి, సమాజం హాలులో అందరూ తనను చూసి నవ్వడం. అది ఎట్లాగో భరించవచ్చు. రెండోది, బిడ్డ మైకు ముందు నిలబడి బాంబులు వద్దంటే ఎవరో లేచి "దేశద్రోహి" అనడం. అది మాత్రం అతని వల్ల కాదు.

"జర నా మాట విను బిడ్డా. శాలువా కప్పించుకో. దండం పెట్టు. దిగిపో. ఎక్కువ మాట్లాడకు. నా ఇజ్జత్ పోతే పోనీ, నిన్నెవలన్న ఒక్క మాటంటే నేను తట్టుకోలేను."

దారాల కుప్ప ముందు నుంచి ఐలమ్మ తల ఎత్తింది. "మంచిగనే ఉన్నది నీ మాట. మన స్వామి ఎవలు? యముణ్ణి గడప దాకా రానిచ్చి ఎనకకు మర్లగొట్టినోడు. గా స్వామి పండుగకు యముని బొమ్మకు వెండి కాయితం అతికిచ్చి తిప్పుతరట! మాట్లాడనీ దాన్ని."

"నీకేం తెలుసే? మంది ఊకుంటరా?"

సంధ్యారాణి తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. "బాపూ, ఒక్కటడుగుత. తాకాల తప్పు కనబడితే సుద్ద గీత పెట్టకుండ మడతపెట్టి పంపిస్తవా నువ్వు?"

ఆ ప్రశ్నకు జవాబు ఉధ్నా అందరికీ తెలుసు.

పున్నమి నాడు ఆకాశం మబ్బు పట్టి ఉంది. కొత్త జంధ్యం వేసుకొని, చేతిమగ్గానికి మొక్కి, రాజలింగం బండి ఎక్కాడు. పేక దారం విసిరే నాడె చేతికి తగలగానే చిన్నప్పటి పల్లె, తండ్రి గుంటమగ్గం గుర్తొచ్చాయి. డప్పులు, పాటలు, ఆడవాళ్ల చేతుల్లో హారతి పళ్లేలు. ముందు బండి మీద పరుశురాం చేయించిన అట్ట మిసైలు మెరుస్తూ పోతోంది, దాని పక్కన మాత్రం ఎవరూ లేరు. దారిలో నాలుగు చినుకులు పడ్డాయి. పడుగు తడిస్తే పోగులు అంటుకుంటాయని రాజలింగం గాభరాపడుతుంటే, రెండో అంతస్తు నుంచి ఒక గుజరాతీ ఆమె పెద్ద ప్లాస్టిక్ షీటు కిందికి జారవిడిచింది. మగ్గం బండి తాళ్లు లాగుతున్న కుర్రాడు శివకృష్ణ దాన్ని పట్టుకొని మగ్గం మీద గుడారంలా ఎత్తిపట్టాడు. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు. స్వామి బట్ట మాత్రం పొడిగా గుడికి చేరింది.

బట్ట స్వామికి కప్పి, దండం పెట్టుకొని, అందరూ హాలులోకి వచ్చారు. సంధ్యారాణికి శాలువా కప్పారు. రాజలింగం ముందు వరుసలో కూర్చున్నాడు గాని, కుర్చీ చివరికి ఆనీ ఆననట్టుగా ఉన్నాడు. పిల్ల మైకు ముందుకు వచ్చింది.

"పెద్దలందరికి శనార్తులు. మీరంత నేను బాంబులు చేస్తననుకుంటున్నరు. నేను చెయ్య. మొదటి అణుబాంబు చేసింది మాత్రం నాలెక్క ఫిజిక్స్ సదివినోళ్లే. అది జపాన్ల రెండు ఊర్ల మీద పడ్డంక, చేసినోళ్లల్లనే చానా మంది 'ఇది ఇంక పెరగొద్దు' అని ఊరూరు తిరిగి చెప్పిన్రు. అది ఎంత నాశనం చేస్తదో అందరికన్న ముందు వాళ్లకే తెలుసు గనుక, చెప్పే బాధ్యత కూడ వాళ్లదే అనుకున్నరు. గట్ల చెప్పేటోళ్ల వరుస ఒకటి అప్పటినుంచి నడుస్తనే ఉన్నది. గా వరుసల అందరికన్న ఎనక, ఉధ్నా నుంచి నేను నిలబడ్డ."

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరో "ఏందే రాజలింగం, గిట్లంటది!" అన్నారు. రాజలింగం తల తిప్పలేదు. అప్పుడే పరుశురాం లేచాడు. పిల్లకు మామ, కాబట్టి అతని నోటికి అడ్డులేదు.

"ఏం కోడలా! అయితే మన బాంబులన్ని తీస్కపోయి తాపీ నదిల పారేసి, చేతులు కట్టుకొని కూసుందామా? మనం పారేస్తం, అవతలోడు దాసుకుంటడు. అప్పుడేం జేస్తవ్?"

చప్పట్లు పడ్డాయి. రాజలింగం రెండు చేతులూ ఒకదానిలో ఒకటి బిగించుకున్నాడు. సంధ్యారాణి ముఖం మాత్రం వెలిగింది.

"మామా, బంగారమసొంటి మాట అడిగినవ్. దాసుకుంటడు! అవతలోడు కూడ మన గురించి గట్లనే అనుకుంటడు. అందుకే ఎవలూ తగ్గించరు. ముందు పారేయుమని నేను ఎవలికీ చెప్త లేను. దాసుకుంటె దొరికిపోయే ఉపాయం ఉంటేనే ఇద్దరు ధైర్యంగ తగ్గిస్తరు. పెదబాపు, నిన్నొకటడుగుత. నీ దుకాణంల కొత్త డిజైన్ అచ్చిందనుకో. పక్క దుకాణం సేఠ్‌కు ఇప్పి చూపిస్తవా?"

పరమేశ్వర్ చేతులు ఊపాడు. "చూపిస్తె ఇంకేమన్న ఉన్నదా! పొద్దుగూకెటాల్లకు వాడు కాపీ కొట్టిచ్చి అమ్ముకుంటడు!"

అందరూ నవ్వారు. డిజైన్ దొంగతనం అనుభవం లేని ఇల్లు అక్కడ లేదు.

"గదే కథ. 'ఈ బాంబును విరగ్గొడుతున్న' అని ఒక దేశం అంటది. 'అది నిజం బాంబేనా, ఉత్త డబ్బానా, ఇప్పి చూపియ్యి' అని ఇంకో దేశం అంటది. ఇప్పితే డిజైన్ పోతది. ఇప్పకపోతే నమ్మకం లేదు. ఇప్పకుండ నమ్మించుడు ఎట్ల? గా తరాజు జర ముందటికి తెండ్రి."

హాలు మూలలో పెద్ద తరాజు ఉంది. సమ్మక్క తల్లికి మొక్కుకున్నవాళ్లు మనిషి ఎత్తు బెల్లం తూచేది దాని మీదనే. ఆ బెల్లాన్నే మనవాళ్లు బంగారం అంటారు. శివకృష్ణ, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని ముందుకు తెచ్చారు. సంధ్యారాణి పరమేశ్వర్‌ను ఒక చీర తెమ్మని, పసుపు గుడ్డలో మూట కట్టించి ఒక పళ్లెంలో పెట్టించింది.

"ఇది మనకు నమ్మకమున్న మూట. నిజం చీరే. మామా, నువ్వు గా తెర ఎనకకు పోయి, గసొంటి చీరనే ఇంకో పసుపు గుడ్డల మూట కట్టి తే. ఇప్పొద్దు. మేం చూడం."

పరుశురాం వెళ్లి మూట తెచ్చి రెండో పళ్లెంలో పెట్టాడు. తరాజు ముల్లు నిట్టనిలువుగా నిలిచింది.

"రెండూ ఒక్కటే అన్నట్టు. డిజైన్ ఎవలన్న చూసిన్రా? లేదు. మేం చీరలు తూచం గని, సూక్ష్మమైన కణాలుంటయి, న్యూట్రాన్లంటరు. వాటిని ఒక దిక్కు నుంచి పంపి, ఇంకో దిక్కు నుంచి ఎన్ని బయటకొచ్చినయో లెక్కపెట్టి, నిజం బాంబు లెక్కతోని పోలుస్తం. రెండూ సరిపోయినయా లేదా అన్నదొక్కటే తెలుస్తది. లోపల ఏమున్నదో తెల్వదు."

"ఆగాగు కోడలా!" పరుశురాం ముందుకు వచ్చి తాను తెచ్చిన మూట విప్పాడు. లోపల చీర లేదు. ప్రసాదానికి తెచ్చిన బెల్లం గడ్డ, దాని చుట్టూ దూదిలా చుట్టిన చింకి గుడ్డలు. తెర వెనక ప్రసాదం తూచే చిన్న తరాజు మీద చీర ఎత్తుకు సరిగ్గా తూచి కట్టాడు. "నీ తరాజు చీరన్నది. ఇగో, బెల్లం! అవతలోడు గిట్లనే జేస్తడు. అయిపాయె నీ సైన్సు!"

హాలు గొల్లుమంది. ఈలలు వేశారు. "బాంబుల రాజలింగం బిడ్డ బెల్లానికి దొరికింది" అని ఒకరు అరిచారు. రాజలింగం లేచి బిడ్డ చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు. సగం లేచాడు కూడా. లేస్తూ బిడ్డ ముఖం చూశాడు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వుతోంది. పరుశురాం చేతులు పట్టుకొని ఊపుతోంది.

"మామా, నువ్వు మా గుంపుల కలువాలె! నీ అసొంటి మనిషి కోసమే దేశదేశాల వెతుకుతున్నం. మా పనే గిది. మోసం జేసేటోడు ఏం జేస్తడో వానికన్న ముందు మేం జేసి చూసుకుంటం. ఒక తరాజు సరిపోదని నువ్వు చూపెట్టినవ్. ఇప్పుడు రెండోది చూడు. గా బెల్లం మూట మళ్ల అట్లనే కట్టు. రెండు మూటలు తెర ఎనకకు తీస్కపోయి, అటువి ఇటు చేసి తే. బాపూ!"

రాజలింగం ఉలిక్కిపడ్డాడు.

"స్వామి మగ్గం నూలు మిగిలింది గదా బాపూ. ఒక్క తీరువి రెండు తాళ్లు పురి పెట్టి ఇస్తవా?"

సగం లేచిన మనిషి పూర్తిగా లేచాడు. నూలు చిలప తెచ్చి, తొడ మీద పురి పెట్టాడు. అన్ని కళ్లూ తన మీద ఉన్నాయని ఆ క్షణం అతనికి గుర్తు లేదు. ఒకే పొడవు, ఒకే లావు, ఒకే పురి. రెండు తాళ్లనూ తరాజు దూలానికి కట్టి, పరుశురాం తెచ్చిన మూటలు వాటికి వేలాడదీశాడు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి.

"రెండిటినీ ఒక్కతీరుగ మెలితిప్పి, ఒక్కసారే వదులు బాపూ."

అతడు వదిలాడు. రెండు మూటలూ గిర్రున తిరగసాగాయి. ఒకటి చకచకా తిరిగి, ఆగి, వెనక్కి మళ్లింది. రెండోది నిదానంగా, బరువైన మనిషి పక్క మీద మళ్లినట్టు, ఇంకా మొదటి చుట్టులోనే ఉంది. హాలులో ఈలలు ఆగిపోయాయి.

"గదీ, గదీ దొంగమూట!" ఐలమ్మ అందరికంటే ముందు అరిచింది. "జోరుగ తిరిగేది!"

"ఎందుకవ్వా?" అని తల్లిని అడిగింది సంధ్యారాణి.

"ఏమో బిడ్డా, రెండూ ఒక్కతీరుగ తిరుగుత లెవ్వు గదా!"

"గంతే అవ్వా. బెల్లం నడిమిట్ల ముద్దగ ఉన్నది, దాని బరువు ఒక్కచోటనే. చీర మూటంత పరుచుకున్నది. బరువు ఒక్కటే అయినా తిరుగుడు ఒక్కటి గాదు. తరాజును మోసం చేసినోడు పురితాడు దగ్గర దొరికిండు. మామ ఇంకో మోసం ఆలోచిస్తడు, మేం ఇంకో తాడు ఆలోచిస్తం. ఒకనాటికి మోసం జేసుడుకన్న నిజం చెప్పుడే సులువైతది. గా దినం కోసం మా పని."

పరుశురాం జోరుగా తిరిగే మూట పట్టుకొని విప్పాడు. బెల్లం. దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, ఒక ముక్క విరిచి కోడలి నోట్లో పెట్టాడు. "ఓడిపోయిన బిడ్డా. ఓడిపోయినా తీపిగనే ఉన్నది."

అప్పుడు పడ్డ చప్పట్లకు ఉధ్నా సాంచాల మోత కూడా వినబడనట్టు హాలు మోగింది. చప్పట్లు తగ్గుతుంటే ఇందాకటి గొంతే వెనక నుంచి మళ్లీ అడిగింది. "అది సరేనే రాజలింగం, మరి నీ బిడ్డ బాంబు చేస్తదని మాకు చెప్పినవ్ గదా?"

రాజలింగం మైకు దగ్గరికి ఎన్నడూ పోయినవాడు కాడు. ఇప్పుడు నిలబడ్డ చోటే ఆ మైకు ఉంది. దాన్ని పట్టుకున్నాడు.

"తప్పు చెప్పిన. అడగకుండ నాకు నేనే అనుకొని చెప్పిన. గీత నా మీదనే పెట్టుండ్రి. నా బిడ్డ బాంబులు జెయ్యది. బాంబులకు చెకింగ్ జేస్తది." ఒక్క క్షణం ఆగాడు. "నాలెక్కనే. చెకింగ్."

ఆ మాట పలుకుతుంటే అతని తల వంగలేదు. చాయ్ బండి దగ్గర అబద్ధం చెప్పి పొంగిన ఛాతీకీ, ఇప్పుడు పొంగిన ఛాతీకీ తేడా అతనికి తెలిసింది. ఇది ఎవరితోనూ అనకు అని చెప్పనక్కరలేనిది.

ఇంటికి వచ్చేటప్పుడు పరమేశ్వర్ వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. అట్ట మిసైలు హాలు వెనక గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎవరూ తిట్టలేదు, తన్నలేదు. తరాజు చుట్టూ మాత్రం జనం ఇంకా మూగి, కొబ్బరికాయలూ ఉల్లిగడ్డలూ మూటలు కట్టి తిప్పి చూసుకుంటూనే ఉన్నారు.

మరునాడు పొద్దున్న సంధ్యారాణి దీపం పెట్టింది. ఫ్లాస్కు తీసుకొని మెట్ల మలుపు దగ్గరికి వెళ్లింది. గోపాల్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. "దీదీ, నిన్న మీ పేరు మా ఖాతాలో కూడా మోగింది" అని హిందీలో అంటూ, లేచి రెండు చేతులతో ఫ్లాస్కు అందుకున్నాడు. ఆమె నవ్వి, తిరిగి వచ్చేసరికి తండ్రి పనికి పోవడానికి సుద్దముక్క జేబులో వేసుకుంటున్నాడు.

"బాపూ, నాకొక సాయం జేస్తవా?"

"చెప్పు బిడ్డా."

"నిన్న ఆ రెండు మూటల సంగతి మా ఫిజిక్స్ వాళ్లకు చెప్పిన. కొత్తగ ఈ పనికి వచ్చే పిల్లలకు నేర్పేటందుకు మంచిగుంటది, పంపుమన్నరు. గని మామ మోసం మరీ సులువు. నాకు రెండు బట్టలు కావాలె. తరాజు మీద ఒక్కటే ఉండాలె. తాడుకు కట్టి తిప్పినా ఒక్కటే ఉండాలె. లోపల మాత్రం ఒకటి నిజంది, ఒకటి దొంగది. నేను ఎంత వెతికినా దొరకొద్దు. గసొంటి దొంగబట్ట నేసి ఇస్తవా?"

రాజలింగం సుద్దముక్క మళ్లీ బయటికి తీశాడు. "నన్నా? పుట్టి బుద్ధెరిగిన కాంచి దొంగబట్టను పట్టుడే గని, నేసుడు నాకు ఎరుకనా బిడ్డా!"

"అందుకే నిన్ను అడుగుతున్న బాపూ. పట్టేటోని కన్ను ఎట్ల తప్పియ్యాలెనో, పట్టేటోనికే గదా తెలిసేది. నన్ను ఓడగొట్టే బట్ట నువ్వే నెయ్యాలె. జర నేసి ఇయ్యి బాపూ."